పుష్పపాత్ర చుట్టూ మూరెడు ఖాళీ

మానవుడు ఇంటికి గుమ్మం పెట్టడం నేర్చుకున్న నాటినుంచీ ఆ గుమ్మానికి ఇరుపక్కలా ఏదో వెలితి ఉండిపోయింది. రాజులు ఆ వెలితిని ఏనుగులతోనూ భటులతోనూ పూడ్చబోయి చరిత్రలో కలిసిపోయారు. చివరికి రెండువేల రెండో సంవత్సరం వేసవిలో, గోదావరి జిల్లాలో, మా మండలం వారు దాన్ని ఇనప రేకుతో పూడ్చారు.

దీని పేరు ‘ముంగిలి శోభ’ పథకం. దీని ప్రకారం ప్రతి ఇంటి గుమ్మానికీ అటొకటి ఇటొకటి ‘నిలువు లోహ పుష్పపాత్ర’ ఉండాలి. పుష్పపాత్ర అంటే పూలతొట్టి. లోహం అంటే ఇనప రేకు. నిలువు అంటే మా నాన్నగారి గుండెల దాకా. కింద సన్నం, పైన వెడల్పు, ఒళ్లంతా వెండిరంగు. మట్టికుండీ పనికిరాదా అని ఎవరో అడిగితే, మట్టిలో మొక్కలు పెంచడం మన జిల్లాలో ఇప్పటికే జరుగుతోందనీ, అందులో అభివృద్ధి ఏముందనీ జవాబొచ్చింది. (నిజమే. మా ఊళ్లో తిని పారేసిన మామిడిటెంక కూడా మొలుస్తుంది. దాని వెనక ఏ పథకమూ లేదు కాబట్టి దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.)

పథకానికి పర్యవేక్షకులు చంద్రరావు గారు. మంచివారు. అంతకుముందు పశువుల లెక్కలు చూసేవారట. ఇంటి ముందు నిలబడి, తల కొంచెం వంచి, ఈ ఇల్లు పాలిస్తుందా ఇవ్వదా అన్నట్టు చూసేవారు. ఆయన వెనక సురేంద్ర అనే గుమాస్తా అట్టా పెన్నూ పట్టుకుని తిరిగేవాడు. ఏ వీధి ముంగిళ్లకి ఎక్కువ మార్కులొస్తే ఆ వీధికి ముందు సిమెంటు రోడ్డు వేస్తామన్నారు. వానాకాలంలో మా వీధి బురదలో జారిపడనివాళ్లు లేరు. అందుకని మా నాన్నగారు బంగార్రాజు గారు వీధి తరఫున ముందుకొచ్చారు. ఆయన దేనికైనా ముందుకొస్తే ఇంట్లోవాళ్లం వెనక్కి జరగడం మాకు అలవాటే.

ఇక్కడ అరుగుల సంగతి కొంచెం చెప్పాలి.

మా గుమ్మానికి రెండు పక్కలా రెండు అరుగులున్నాయి. కుడి అరుగు మీద మా నాయనమ్మ మాణిక్యాంబ గారి ఆఫీసు. మోకాళ్లు అరిగిపోయి మెట్లు దిగడం మానేశాక, ఆవిడకి లోకం ఆ అరుగు దాకానే. పొద్దున్న కాఫీ తాగి వచ్చి కూర్చుంటే మళ్లీ భోజనానికే లేచేది. వీధిలో ఎవరు ఎటు వెళ్లినా ఏ పని మీద వెళ్తున్నారో ఆవిడకి చెప్పి వెళ్లాలి. తిరిగొచ్చేటప్పుడు ఆ పని అయిందో లేదో చెప్పాలి. ఇది ఏ పంచాయతీ తీర్మానంలోనూ లేదు కాబట్టి అందరూ పాటించేవారు.

ఎదురింటి అరుగు మీద చినబాబు గారి తల్లి అచ్చాయమ్మ గారు. ఇద్దరూ ఒకే ఏడాది ఈ వీధికి కాపురానికొచ్చారట. అచ్చాయమ్మ గారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడం చెయ్యి ఒక్కటే ఆవిడ మాట వింటుంది. కోడలు పొద్దున్నే తెచ్చి అరుగు మీద కుర్చీలో కూర్చోబెట్టేది. ఇటునుంచి మా నాయనమ్మ, “ఒదినా, తిన్నావా?” అనేది. అటునుంచి చెయ్యి లేచేది. భుజం దాకా లేస్తే కడుపునిండా తిన్నట్టు. మోచెయ్యి దాకా లేస్తే ఉప్మా అన్నట్టు. వేళ్లు మాత్రం కదిలితే ఆ రోజు ఒంట్లో బాగోలేనట్టు. అప్పుడు మా నాయనమ్మ అక్కణ్ణుంచే చినబాబు గారిని కేకేసి డాక్టరు దగ్గరికి పంపేది. ఆ ఆఫీసు మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు.

నిబంధన ప్రకారం అరుగులున్న ఇళ్లకి పుష్పపాత్రని అరుగు మీద, వీధివైపు అంచున పెట్టాలి. పాత్ర చుట్టూ మూరెడు ఖాళీ వదలాలి. (పాత్రకి గాలి ఆడటానికి.) తొట్టినీ, మూరెడు ఖాళీనీ తీసేస్తే మా అరుగు మీద మిగిలింది గోడవారగా ఒక పీటంత చోటు. నాయనమ్మ అందులో సర్దుకుంది. ఎదురుగా ఇనప రేకు. ఆవిడ కాసేపు ఆ రేకుని చూసి, ఇది ఎవరబ్బాయని అడిగింది.

చంద్రరావు గారు ఫోటో తీయించడానికి వచ్చినప్పుడు ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. తొట్టి వెనకనుంచి నాయనమ్మ మోకాలు ఫోటోలో పడుతోంది.

“మామ్మగారూ, కాస్త పక్కకి జరగండి,” అన్నారాయన చాలా మర్యాదగా.

పక్కన గోడ ఉంది. నాయనమ్మ గోడకేసి చూసింది, ఆయనకేసి చూసింది, మోకాలు ముడుచుకుంది. ఫోటో బాగా వచ్చిందన్నారు.

అసలు చిక్కు మర్నాడు బయటపడింది. నాయనమ్మ ఎప్పట్లాగే, “ఒదినా, తిన్నావా?” అంది. ప్రశ్న తొట్టిని దాటి వెళ్లింది. ఎదురింటి తొట్టిని కూడా దాటింది. జవాబు మాత్రం చెయ్యి కాబట్టి, అక్కడే ఉండిపోయింది.

అందుకని నన్ను పంపడం మొదలుపెట్టింది. వీధిలోకి వెళ్లాలంటేనే నాకు సిగ్గు. తల దించుకుని వీధి దాటి, తొట్టి పక్కనుంచి తొంగి చూసి, మళ్లీ తల దించుకుని వచ్చేదాన్ని.

“ఎత్తారు నాయనమ్మా.”

“ఎంత ఎత్తింది?”

“కొంచెం.”

“కొంచెమంటే మోచెయ్యా, వేళ్లా?”

తల దించుకుని వెళ్లేవాళ్లకి ఇలాంటి వివరాలు కనపడవు. నా నివేదికల్లో నాణ్యత లేదని నాయనమ్మకి తెలుసు. మళ్లీ వెళ్లి చూసి రమ్మనేది. కొన్నాళ్లకి ఎదురింట్లో వాళ్లు, అరుగు మీద కుర్చీ ఇరుగ్గా ఉందని అచ్చాయమ్మ గారిని వెనక గదిలోకి మార్చారు. దాంతో నా ఉద్యోగం రద్దయింది. నాయనమ్మ కూడా, చూడ్డానికి రేకు తప్ప ఏమీ లేదని పెరటి వసారాలోకి మారింది. అక్కడ నూతి దగ్గర కోళ్లు ఎటు వెళ్లినా ఆపి అడిగేది. అవి చెప్పేవి కావు.

పథకం మాత్రం చక్కగా నడిచింది. కాలవగట్టు మీద, వలేసి బతికే సత్తియ్య గారి తాటాకిల్లు ఉంది. దాని చూరు కన్నా తొట్లే ఎత్తు. సురేంద్ర వచ్చి చూసి, ఇక్కడ పుష్పపాత్రలున్నాయి గానీ ఇల్లు లేదని రాసుకున్నాడు. ఇల్లు లేనివారికి ముంగిలి ఎలా మంజూరైందని విచారణ మొదలైంది. “ఇల్లు ఆ వెనకే ఉందండి. తొట్టి జరిపితే కనపడుద్దండి,” అన్నారు సత్తియ్య గారు. తొట్టి జరపడానికి నిబంధనలు ఒప్పుకోవనీ, ఇంటినే కొంచెం ఎత్తు చేసుకోమనీ చెప్పారు. ఆయన ఆలోచిస్తానని చెప్పి, ఈలోగా ఒక తొట్టిలో వలలూ ఇంకో తొట్టిలో ఎండుచేపలూ దాచుకున్నారు. ఊరి మొత్తం మీద ఉపయోగపడిన తొట్లు ఆ రెండే. ఆ కారణం చేతనే మార్కులు పోయాయి.

మొక్కలు కడియం నర్సరీ నుంచి వచ్చాయి. రోహిణీ కార్తె ఎండలో ఇనప రేకు ముట్టుకుంటే చెయ్యి కాలేది. లోపల మొక్క సంగతి చెప్పక్కర్లేదు. పెంచడానికీ వండటానికీ తేడా ఏమిటో ఊరంతా ఒకేసారి తెలుసుకుంది. మొక్కలు చనిపోయినట్టు రాస్తే పై అధికారులు బాధపడతారని చంద్రరావు గారు రాయలేదు. బదులుగా, రాజమండ్రి నుంచి ప్లాస్టిక్ మొక్కలు తెచ్చుకోవచ్చని సవరణ వచ్చింది. తొట్టిలో మన్ను తీసేసి, గాలికి పడిపోకుండా నీళ్లు నింపమన్నారు. రోజూ ఉదయం మొక్కకి నీళ్లు పోయాలనే పాత నిబంధనని తీసేయడం మరిచిపోయారు. కాబట్టి మా నాన్నగారు రోజూ ఉదయం స్టూలెక్కి ప్లాస్టిక్ మొక్కకి నీళ్లు పోసేవారు. వీధిలో అందరూ పోసేవారు. ఎవరూ ఎవరినీ చూసేవారు కాదు.

నిలవ నీళ్లలో దోమలు పుట్టాయి. దోమల శాఖ వారు వచ్చి, దోమపిల్లల్ని తినే చిన్న చేపల్ని తొట్లలో వదిలి వెళ్లారు. ఈ విధంగా, గుమ్మానికి అందం తేవడానికి మొదలైన పథకం, గుమ్మానికి రెండు చెరువులు తేవడంతో మొదటి దశ పూర్తి చేసుకుంది.

రెండో దశ దసరా ముందు వచ్చింది. ఫోటోలు చూసిన పై అధికారులకి ఒక సందేహం కలిగిందట. ముంగిళ్లలో అన్నీ ఉన్నాయి, మనుషులు కనిపించడం లేదేమిటని. దీనికి విరుగుడుగా ‘సజీవ శోభ’ అనే అంశం చేర్చారు. తుది పరిశీలన రోజున ప్రతి అరుగు మీదా ఇంటి పెద్దావిడని కూర్చోబెట్టాలి. పట్టుచీర కట్టాలి. చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. మొహం వీధివైపు ఉండాలి. మాట్లాడకూడదు. ఇందుకోసం ఆ ఒక్క పూటా పుష్పపాత్రని మూరెడు పక్కకి జరుపుకోవడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు.

మా నాన్నగారు ముందురోజు సాయంత్రం వసారాలోకి వెళ్లి విషయం చెప్పారు.

“అమ్మా, ఒక్క గంట మాట్లాడకుండా కూర్చో. వీధికి రోడ్డొస్తుంది.”

“ఎదురింటి ఒదిన్ని కూడా కూర్చోబెడతారా?”

“ఆవిణ్ణీ కూర్చోబెడతారు.”

“సరే. ఊపిరి పీల్చొచ్చా?”

నాన్నగారు కొంచెం ఆలోచించి, దాని గురించి ఏమీ రాయలేదన్నారు.

మర్నాడు పొద్దున్నే తొట్టి మూరెడు జరిగింది. తీసిన చోట అరుగు మీద తుప్పుతో నలుపలకల మచ్చ పడి ఉంది. నాయనమ్మ పెళ్లిళ్లకి మాత్రమే తీసే మామిడిపండు రంగు పట్టుచీర కట్టుకుని, ఆ మచ్చ మీదే కూర్చుంది. ఎదురింట్లోంచి అచ్చాయమ్మ గారి కుర్చీ బయటికొచ్చింది. వేసవి తర్వాత ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకోవడం అదే మొదటిసారి. నాయనమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. మొహం వీధివైపు పెట్టింది. ఇంతవరకూ అన్నీ నిబంధనల ప్రకారమే జరిగాయి.

జీపు వచ్చింది. చంద్రరావు గారు దిగి, సరిగ్గా రెండు అరుగులకీ మధ్య నిలబడి, మా ఇంటికేసి తల వంచి చూశారు. సురేంద్ర పెన్ను తీశాడు.

“బాబూ,” అంది నాయనమ్మ, “కాస్త పక్కకి జరుగు.”

వీధిలో ఎవరూ కదల్లేదు. చంద్రరావు గారు మాత్రం, ఇలాంటి మాట తను అనడమే గానీ వినడం అలవాటు లేక, తెలియకుండానే జరిగారు.

“ఒదినా, తిన్నావా?”

చంద్రరావు గారు వెనక్కి తిరిగి చూసేసరికి అచ్చాయమ్మ గారి ఎడం చెయ్యి నెమ్మదిగా లేస్తోంది. వేళ్లు లేచాయి. మోచెయ్యి లేచింది. భుజం దాకా రాలేదు. అక్కడే ఆగి, ఒళ్లో పడింది. చంద్రరావు గారు చాలా సంతోషించి ఆవిడకి తిరిగి నమస్కారం పెట్టారు.

“చిక్కిపోయావే,” అంది నాయనమ్మ. “నన్ను పెరట్లో పడేశారు ఒదినా. అందుకే అడగలేదు.”

మళ్లీ చెయ్యి లేచింది. ఈసారి భుజం దాటింది. చంద్రరావు గారు మళ్లీ నమస్కారం పెట్టారు.

మా నాన్నగారు గుమ్మంలో తల పట్టుకుని నిలబడ్డారు. సురేంద్ర ఏదో రాసుకుంటున్నాడు. నాయనమ్మ అతణ్ణి కూడా పిలిచి, ఎవరబ్బాయివి, ఏ ఊరు, పెళ్లయిందా అని అడిగింది. అతను రాయడం ఆపి మూడింటికీ జవాబు చెప్పాడు.

ఫలితాలు మధ్యాహ్నమే జీపు మైకులో చదివారు. ముంగిలి అలంకరణ మాట్లాడినందుకు మా ఇంటికి సజీవ శోభ కింద మార్కులేమీ రాలేదు. ఆ మార్కులు తగ్గడం వల్ల సిమెంటు రోడ్డు పక్కవీధికి వెళ్లింది. (ఆ వీధిలో ఇప్పటికే తారు రోడ్డుంది. దాని మీద వేస్తారట.) నాన్నగారు ఆ కోపంతో తొట్టిని మళ్లీ దాని చోటికి జరిపించారు. నాయనమ్మ పట్టుచీర మడతపెట్టి వసారాలోకి వెళ్లింది. ఒదిన భుజం దాకా ఎత్తిందని కోళ్లకి చెప్పింది.

ఊరి మొత్తం మీద మొదటి బహుమతి అచ్చాయమ్మ గారికి వచ్చింది. మాట్లాడకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని, అధికారి వచ్చినప్పుడు మాత్రం లేవలేకపోయినా చెయ్యెత్తి గౌరవించారని చంద్రరావు గారు మైకులో మెచ్చుకున్నారు. వృద్ధులందరూ ఆవిణ్ణి చూసి నేర్చుకోవాలన్నారు.

బహుమతి ఇంకొక జత నిలువు లోహ పుష్పపాత్రలు. వాటిని ఎక్కడ పెట్టాలో చంద్రరావు గారే స్వయంగా వచ్చి అరుగు మీద సుద్దముక్కతో గుర్తు పెట్టారు. గుర్తు పెట్టడానికి అడ్డుగా ఉందని అచ్చాయమ్మ గారి కుర్చీని కాస్త పక్కకి జరిపారు.