రూబిన్ గారి విశ్రాంతి

బక్రీద్ సెలవులకు దోహాలోని తెలుగు కుటుంబాలు కొన్ని బస్సు మాట్లాడుకుని జుబారా కోట చూడబోయాయి. మకాం సముద్రపు ఒడ్డున ఒక గెస్ట్‌హౌస్‌లో. శనివారం పొద్దున్నే అందరూ కోటకు బయలుదేరుతుంటే, వేణుగోపాలరావు తమతో వచ్చిన కంపెనీ పెద్ద రూబిన్‌ను భార్య సీతాలక్ష్మికి అప్పగించాడు. రూబిన్ అమెరికా నుంచి వచ్చిన యూదుడు.

"ఇవాళ ఆయనకి విశ్రాంతి రోజు. ఏ లోటూ రానివ్వకు. నా కాంట్రాక్టు పొడిగించాల్సింది ఆయనే."

ఆ మాటతో సీతాలక్ష్మి ఆయన్ని ఓ కంట కనిపెడుతూనే ఉంది. రూబిన్ వరండాలో కూర్చుని ఉంటే, ఖాళీ గదిలో పట్టపగలు లైటూ ఏసీ నడుస్తున్నాయి. ప్రాణం ఒప్పక రెండూ ఆపేసింది. కాసేపటికి లోపలికెళ్ళిన మనిషి చెమటలు కక్కుతూ బయటికొచ్చి, "గది చాలా వేడిగా ఉంది," అని ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పి, ఆమెకేసి ఆశగా చూశాడు. ఆమె మజ్జిగ ఇచ్చింది. "చీకటిగా కూడా ఉంది," అన్నాడు.

గది స్విచ్చు గుమ్మం దగ్గర, ఆయన మోచేతి పక్కనే ఉంది. చూస్తున్నాడు గానీ నొక్కడం లేదు! సీతాలక్ష్మి పరీక్షకని పెన్ను చేతికిస్తే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఇంకేముంది, పక్షవాతం!

"ఫసీయుద్దీన్! సారుకి చెయ్యి పడిపోయింది! మా ఆయన కాంట్రాక్టు మీద ఇంక సంతకం ఎవరు పెడతారు నాయనా!"

రూబిన్‌ను కారులో తీసుకొచ్చిన కంపెనీ డ్రైవరు ఫసీయుద్దీన్ పరుగెత్తుకొచ్చాడు. రూబిన్ గబగబా ఏదో వివరించాడు.

"ఏమంటున్నాడు?"

"నాకేం సమజైతలేదమ్మా. దేవుని పేరైతే తీస్తుండు!"

"అయ్యో, అప్పుడేనా! కారెక్కించు, కారెక్కించు!"

ఫసీయుద్దీన్ చంకల కింద చేతులేసి లేపబోతే, రూబిన్ రెండు చేతులతో వరండా స్తంభాన్ని కావలించుకున్నాడు. పడిపోయిన చెయ్యి అంత గట్టిగా ఎలా పట్టుకుందో ఆలోచించే తీరిక ఎవరికీ లేదు. సీతాలక్ష్మి కూడా ఓ చెయ్యేసి లాగింది. లాగి లాగి, తనే కళ్ళు తిరిగి కూలబడింది.

కారంటే ససేమిరా అన్న మనిషి మరుక్షణం స్తంభం వదిలేశాడు. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టించి, తాను ముందు సీట్లోకి దూకి, "యల్లా! హాస్పిటల్!" అని అరబ్బీలో తొందరపెడుతూ అరిచాడు.

కబురందుకుని క్లినిక్‌కు వచ్చిన వేణుగోపాలరావు తల పట్టుకున్నాడు.

"ఇవాళ చుక్కలు పొడిచేదాకా ఆయన స్విచ్చు నొక్కడు, పెన్ను పట్టడు, బండెక్కడు. నొక్కిపెట్టమని నోరు తెరిచి అడగనూ అడగడు. వాళ్ళ మతంలో అదే నియమం. లైటూ ఏసీ అందుకే నిన్నే వేసి ఉంచుకున్నాడు!"

"ఆ ముక్క పొద్దున్నే చెప్పొచ్చుగా? మరి నాకోసం బండెక్కాడే?"

"ప్రాణం మీదికొస్తే ఎక్కొచ్చట."

"ప్రాణం మీదికొచ్చిందనే కదండీ నేనూ మొత్తుకున్నది!"

మళ్ళీ బండెక్కకూడదని క్లినిక్‌లోనే ఉండిపోయిన రూబిన్, చుక్కలు పొడిచాక తనే వేణుగోపాలరావును పిలిచి, కాంట్రాక్టు రెండేళ్ళు పొడిగిస్తున్నానని చెప్పాడు. తన ప్రాణం కోసం ఈ దేశంలో ఇంత బలంగా లాగినవాళ్ళు ఇంకెవరూ లేరన్నాడు.

ఇద్దరికీ బీపీ చూసిన డాక్టరు సీతాలక్ష్మికి ఏమీ లేదని పంపేసి, రూబిన్‌ను మాత్రం ఒక రోజంతా విశ్రాంతి తీసుకోమన్నాడు.