గాలికి రంగెందుకు?

అల్లుడికి బస్సుల సంగతి తెలియదు. పెళ్లయిన వారానికే పెద్దాయన తేల్చేసిన విషయమిది. దాని మీద మళ్లీ విచారణ లేదు.

ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. పాత బస్సు బరువంతా మోసేది చక్రాల దగ్గరున్న గాలి తిత్తులు. ఏ వైపు కుంగితే ఆ వైపు తిత్తికి గాలి అందించి బస్సును నిటారుగా నిలిపే గొట్టాలు పగుళ్లుబారాయి. పదింటికల్లా కొత్తవి బిగించాలి. పదకొండుకు తనిఖీ అధికారి వస్తాడు. ఆయన సంతకం పెడితే బస్సు రోడ్డెక్కుతుంది, లేకుంటే తుక్కులోకి పోతుంది. ఇరవై రెండేళ్లు ఆయన నడుపుతుంటే భార్య టిక్కెట్లు కొట్టిన బస్సు అది. ఆమె ఆయన్ని అడక్కుండానే పోయింది. బస్సును మాత్రం పోనిచ్చేది లేదు.

దుకాణంలోనే రగడ మొదలైంది.

"ఎడమవైపుకి ఎర్రవి, కుడివైపుకి నీలంవి తీసుకుందాం మామయ్యా. కలిసిపోకుండా ఉంటాయి," అన్నాడు అల్లుడు.

"గాలికి రంగెందుకయ్యా? తిత్తి కళ్లు తెరిచి చూస్తుందా? అన్నీ నల్లవే."

"పోనీ, ఒకటి తీసి ఒకటి వేద్దాం."

"నాకు నేర్పుతున్నావా?"

ఇంటికొచ్చి పెద్దాయన ఒక్క ఊపున పాతవన్నీ పీకేశాడు. ఎడమవైపు గొట్టాలు బిగించాల్సిన చోట్ల కూతురు ముందుచూపుతో గుర్తుగా గుడ్డపీలికలు కట్టి ఉంచింది. పెద్దాయన వాటితో చేతుల జిడ్డు తుడుచుకుని అవతల పారేశాడు.

కొత్తవి బిగించి ఇంజను స్టార్ట్ చేశాడు. బస్సు ఎడమకు ఒరిగింది.

"గొట్టాలు అటువి ఇటు పడ్డాయేమో మామయ్యా."

"మారిపోవడానికి అవేమన్నా కవలలా?"

"అన్నీ నల్లవేగా నాన్నా. కవలలే," అంది కూతురు.

పెద్దాయన వినలేదు. చోద్యం చూడ్డానికి చేరిన ఎనిమిదిమందిని ఎక్కించి, బరువు కోసం కుడివైపు కూర్చోబెట్టాడు. బస్సు నిటారుగా లేచింది. ఆయన అల్లుడి వైపు చూసి మీసం దువ్వేలోగా అది కుడికి ఒరగడం మొదలుపెట్టింది. కుడివైపు దిగితే అటు వెళ్లాల్సిన గాలి ఎడమ తిత్తిలోకి పోతోంది మరి.

"అందరూ లేచి ఎడమకి రండి," అని కేకేశాడు.

వచ్చారు. బస్సూ వచ్చింది.

"ఇది బస్సా, ఉయ్యాలా?" అన్నాడు లోపల్నించి లావుపాటి దర్జీ.

నాలుగో ఊపుకు బస్సు తలుపున్న వైపు ఇంటి గోడకు ఆనుకుని బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే తనిఖీ అధికారి వచ్చాడు. కిటికీల్లో ఎనిమిది మొహాలు కనిపించాయి.

"ఏం జరుగుతోందిక్కడ?"

"తనిఖీ అండి. లోపల్నించి మేం చేస్తున్నాం, బయటినించి మీరు కానివ్వండి," అన్నాడు దర్జీ.

అల్లుడు బస్సుకు ఊతంగా దుంగలు పెట్టి, కిందికి దూరి, గొట్టాలు అటువి ఇటు మార్చాడు. బస్సు నిటారుగా లేచి నిలబడింది. తలుపు తెరుచుకుంది.

"ఇవి ముందు బిగించిందెవరు?" అన్నాడు అధికారి.

"నేనేనండి. తికమకపడ్డాను," అన్నాడు అల్లుడు.

పెద్దాయనకు ఒళ్లు మండింది. "అబద్ధం. తప్పు నాది. నా బస్సులో నా తప్పు ఇంకొకడు మోయక్కర్లేదు."

అధికారి ఇద్దర్నీ చూశాడు. బస్సు కింద అంతా మళ్లీ పరీక్షించాడు. "అంతా బాగానే ఉంది. ఎడమ గొట్టాలకి ఎర్రరంగు పూయండి, సంతకం పెడతాను," అన్నాడు.

పెద్దాయనే పూశాడు, పళ్లు బిగబట్టి. కాగితం చేతికొచ్చింది.

"ఇప్పుడైనా ఒప్పుకో నాన్నా, ఆయనకి బస్సుల సంగతి తెలుసని," అంటూ కూతురు చేతులు తుడుచుకోమని గుడ్డపీలిక అందించింది.

"రంగుల సంగతి తెలుసు. బస్సులది కాదు. ఈ విషయం నేనిక జన్మలో మాట్లాడను," అని పెద్దాయన పీలిక ముట్టకుండా ఎర్రటి చేతులతోనే స్టీరింగు పట్టుకున్నాడు.