గూడు లేని సభ్యురాలు

ఒక పెద్ద అడవిలో వాగు పొంగి, ఒడ్డునున్న బొరియలన్నీ కొట్టుకుపోయాయి. దిక్కులేనివాళ్ళకు గూళ్ళు కట్టించడానికి వెంటనే ఒక సంఘం వెలిసింది. అధ్యక్ష స్థానంలో ఏనుగు, కార్యదర్శిగా నక్క, ఇంజనీరుగా కోతి. ముగ్గురికీ సొంత ఇళ్ళున్నాయి కాబట్టి, ఇల్లు లేనివాళ్ళ కష్టం వాళ్ళకు బాగా తెలుసు.

"గూడు లేనివాళ్ళను అడక్కుండా గూళ్ళు కడితే నలుగురూ నవ్వరూ?" అంది నక్క.

అలా ముళ్ళపంది సూరమ్మకు సభ్యత్వం వచ్చింది. ఇద్దరు పసికూనలతో తుప్ప కింద తడుస్తున్న సూరమ్మ ఆశపడింది, పాపం. మెడలో వేసిన దండ ముళ్ళకు గుచ్చుకుని రెండు రోజులు ఊడి రాలేదు.

మొదటి సభలో కోతి ప్లాను విప్పింది. గూళ్ళన్నీ చెట్టు కొమ్మల మీదే.

"బాబూ, నేను చెట్టెక్కలేను," అంది సూరమ్మ. "ఆ ఎర్రగట్టు మీద కాస్త చోటు చూపించండి చాలు, నేనే తవ్వుకుంటాను. వానలు మళ్ళీ పట్టుకునేలోగా పిల్లల్ని పొడినేల మీద పడుకోబెట్టాలి."

"ఎంత చక్కగా చెప్పావమ్మా!" అని ఏనుగు కళ్ళు ఒత్తుకుంది. 'సభ్యురాలు ప్లానును హర్షించారు' అని నక్క రాసుకుంది.

మర్నాడు సూరమ్మ గట్టు మీద గోరు పెట్టిందో లేదో, నక్క పరుగెత్తుకొచ్చింది.

"ఇదేం పనమ్మా? బొరియ ఉంటే నువ్వు గూడు లేనిదానివెలా అవుతావు? నీ సభ్యత్వం పోతే మీవాళ్ళ గోడు మాకెవరు చెప్తారు?"

"పోతే పోనివ్వండి. రాజీనామా చేస్తాను."

"దానికి తీర్మానం కావాలి. సంఘం ఇప్పుడు గూళ్ళ పనిలో తలమునకలై ఉంది."

సూరమ్మకు ఒళ్ళు మండిపోయింది. అయినా పిల్లలు దగ్గుతుంటే వదిలిపెట్టి సభలకు తిరిగింది.

ప్రారంభోత్సవం నాడు మబ్బు పట్టింది. మొదటి గూడు సరిగ్గా సంఘం పందిరి మీదికి వంగిన కొమ్మ మీద కట్టారు. దాన్ని ప్రారంభించడానికి ఏనుగు ముందుకాళ్ళు పైకెత్తి కొమ్మ మీద మోపబోయింది.

"అయ్యగారూ, ఆ కొమ్మ ఆగదు!" అని అరిచింది సూరమ్మ.

"సభ్యుల సూచనలు చివర్లో," అంది నక్క.

కొమ్మ చివరిదాకా ఆగలేదు. గూడూ పందిరీ కలిసి నేలమట్టమయ్యాయి. వాన అందుకుంది. సంఘం అరగంట తడిసింది.

నక్క తుమ్ముతూ తీర్మానం చదివింది: "నిలువ నీడ లేని బాధ సంఘానికి స్వయంగా అనుభవమైనందున, ఇకమీదట గూడు లేని సభ్యురాలి అవసరం లేదు."

అందరికంటే ముందు సూరమ్మే చెయ్యెత్తింది. ఆ వానలోనే పిల్లల్ని వెంటబెట్టుకుని గట్టెక్కి, చీకటి పడేలోగా బొరియ తవ్వేసుకుంది. ఆ పథకం మొత్తంలో గూడు దొరికింది ఆవిడొక్కదానికే.

నీతి: గూడు కావాలంటే ముందు గూళ్ళ సంఘంలోంచి పేరు కొట్టేయించుకోవాలి.