భల్లయ్య గారి నీళ్ల పెట్రోలు

ఒక పెద్ద అడవిలో, పెద్దది కాబట్టి పెద్దలు కూడా ఎక్కువగానే ఉన్న అడవిలో, భల్లయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. అడవి మొత్తానికి అతనొక్కడే సైంటిస్టు. ఊరి చివర ఇంజినీరింగు కాలేజీలో, తరగతి గది కిటికీ కింద పడుకుని చదువుకున్నాడు. ఆఖరి పాఠం ఒక్కటే వినలేదు. ఆ రోజు మెస్సులో జిలేబీలు వేశారు.

ఆ అడవికి ఒక జీపుంది. ఎప్పుడో వేటగాళ్లు ఏనుగుల్ని చూసి వదిలేసి పారిపోయిన జీపు. దానికి నీళ్ల ట్యాంకు తగిలించి, వేసవిలో ఎక్కడ మంట లేచినా వెళ్లి ఆర్పేవారు. డ్రైవరు అడవిపంది. ఆ ఏడు ఎండలు ముదిరేసరికి పెట్రోలు డ్రమ్ము సగానికి దిగిపోయింది.

సింహం గారు సభ పెట్టారు. "ఉన్నది కాస్తా అయిపోతే మన గతేమిటయ్యా?"

మంటలు ఎప్పుడూ ముందు లేచేది మడుగు పక్కనున్న ఇప్పతోపులోనే. భల్లయ్య గుహ అక్కడే. గుహలో భార్య, ఇంకా సరిగ్గా నడక రాని కూనలు. అందుకని భల్లయ్య లేచి నిలబడ్డాడు. దానికి తోడు, సభలో అందరూ నేల చూపులు చూస్తుంటే తను లేచి నిలబడే జబ్బొకటి అతనికి చిన్నప్పటినుంచీ ఉంది.

"ప్రభూ, నీళ్లలో హైడ్రోజన్ ఉంది. మనం వదిలే ఊపిరిలో కార్బన్ ఉంది. కరెంటు పెట్టి నీళ్లని విడగొట్టి, ఆ రెండూ కలిపి ఉడికిస్తే పెట్రోలే!"

"అంటే నేను ఆవలిస్తే కూడా పెట్రోలొస్తుందా?" అన్నారు సింహం గారు. రోజంతా ఆయన చేసే పని అదే కాబట్టి చాలా సంతోషించారు.

మడుగులో కాపురముండే కూర్మమ్మ అనే తాబేలు మెడ బయటికి పెట్టింది. "నాయనా భల్లా, ఆ కరెంటు ఎక్కడినుంచి..."

ఆమె మాట పూర్తికాకముందే కార్యదర్శి నక్క వచ్చి భల్లయ్యకి శాలువా కప్పేశాడు.

ఆ అడవి ఆచారం అది. ముందు సన్మానం, తర్వాత పని. శాలువా కప్పాక ఎవరూ ప్రశ్న అడగరు, అడిగితే శాలువాకి అవమానం. భల్లయ్య గుహలో అలాంటి శాలువాలు దొంతరగా ఉన్నాయి. వెన్నెలతో వంట చేసే పొయ్యి కనిపెట్టినందుకు కూడా ఒకటిచ్చారు. ఆ పొయ్యి మీద ఇంతవరకూ నీళ్లైనా కాగలేదు. ఒళ్లంతా బొచ్చున్న జంతువు మండుటెండలో ఉన్ని శాలువా కప్పుకుని, చెమటలు కక్కుతూ, అదే గౌరవమనుకుని ఇంటికెళ్లాడు.

మర్నాడు పని మొదలైంది. మడుగులోంచి గొట్టం వేశారు. వేటగాళ్లు వదిలేసిన జనరేటరు తెచ్చి పెట్టారు. జంతువులన్నీ వరసగా వచ్చి గరాటాలో ఊపిరి వదిలాయి. సింహం గారు వెనక నిలబడితే జింకలు మరింత గట్టిగా ఊపిరి వదులుతున్నాయని నక్క కనిపెట్టాడు. దాంతో ఉత్పత్తి పెంచడానికి ఆయన రోజూ వచ్చి నిలబడ్డారు.

జనరేటరు డబ్బాడు పెట్రోలు తాగింది. యంత్రం సీసాలోకి చెంచాడు వదిలింది.

భల్లయ్య సీసా వంక చూశాడు, డబ్బా వంక చూశాడు. ఆఖరి పాఠంలో ఏం చెప్పి ఉంటారో అప్పుడర్థమైంది. పెట్రోలు కాలి ఎంత శక్తి ఇస్తుందో, దాన్ని తిరిగి తయారు చెయ్యడానికి అంతకంటే ఎక్కువే పొయ్యాలి. ఆ ముక్క చెప్పే రోజునే జిలేబీలు వెయ్యాలా!

సిగ్గు చంపుకుని నక్క దగ్గరికెళ్లాడు. "కార్యదర్శి గారూ, చిన్న పొరపాటు జరిగింది. ఎండలోంచి కరెంటు తీసే పలకలు మన దగ్గరుంటే వేరే సంగతి. పెట్రోలు తగలేసి పెట్రోలు చెయ్యడమంటే... ఆపేద్దామండీ."

"శాలువా కప్పుకుని ఆపేద్దామంటారేమిటండీ! ప్రభువుల పరువేం కావాలి?" అని నక్క ఇంకో శాలువా తెచ్చి కప్పాడు.

భల్లయ్య శాలువా సర్దుకుని మళ్లీ యంత్రం దగ్గరికెళ్లాడు. నిజం చెప్పొద్దూ, ఈ శాలువాకి జరీ అంచు ఉంది.

డ్రమ్ము ఖాళీ అయింది. మడుగు అడుగంటింది. ట్యాంకులో నీళ్లు కూడా నక్క యంత్రంలోనే పోయించాడు. చివరికి ఒక్క సీసా నిండింది. అడవంతా జేజేలు కొట్టింది. బురదలో కూరుకుపోయిన కూర్మమ్మ మాత్రం, "నా ఇల్లంతా ఆ సీసాలో పెట్టావట్రా!" అంది. భల్లయ్య తల తిప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇప్పతోపులో పొగ లేచింది.

సీసా జీపులో ఒంపారు. జీపు ఒక్క ఉదుటున బయలుదేరింది. భల్లయ్య కనిపెట్టినవాటిలో మొట్టమొదటిసారి ఒకటి పనిచేసింది! తోపు దగ్గర ఆగి, పంది పైపు తిప్పాడు. బుస్సుమని గాలొచ్చింది.

"నీళ్లేవయ్యా?" అని అరిచాడు పంది.

"ఇందాక జీపు తాగింది కదా," అన్నాడు భల్లయ్య. ఎండుగడ్డి అంటుకుని మంట గుహ వైపు పాకుతోంది. లోపల కూనలు ఏడుస్తున్నాయి. అంత భయం అతను పుట్టి బుద్ధెరిగి పడలేదు.

ఒంటిమీది జరీ శాలువా లాగి, మడుగు బురదలో ముంచి, మంటని బాదడం మొదలుపెట్టాడు. గుహలోంచి అతని భార్య శాలువాల దొంతర బయటికి విసిరింది. "ఎందుకూ పనికిరాని చెత్తంటే విన్నారా? కానివ్వండి, బాదండి!" జీపు వెనకే పరిగెత్తుకొచ్చిన జింకలూ, కోతులూ, ఏనుగులూ తలా ఒకటి అందుకుని కలిసి బాదాయి. సింహం గారు కూడా ఒకటి పుచ్చుకున్నారు. గుహ గుమ్మం ముందు మంట ఆరిపోయింది. కూనలు మసి కొట్టుకున్న మొహాలతో తండ్రి కాళ్లు చుట్టేశాయి.

నక్క వెంటనే గొంతు సవరించుకున్నాడు. "అడవిని కాపాడిన భల్లయ్య గారికి ఈ శుభసమయాన..." అంటూ శాలువా కోసం చుట్టూ వెతికాడు. ఎటు చూసినా బురద పేలికలే.

సభ ఎదురుచూసింది. కప్పడానికి ఏమీ దొరకలేదు.

కూర్మమ్మ మెడ బయటికి పెట్టింది. "నాయనా భల్లా, అప్పుడు అడగబోయాను. ఆ కరెంటు ఎక్కడినుంచి వచ్చింది?"

"పెట్రోలులోంచే వచ్చిందత్తా," అన్నాడు భల్లయ్య. అని, అందరికంటే ముందు తనే పగలబడి నవ్వాడు. సింహం గారు ఆవలించబోయి ఆపుకున్నారు.

నీతి: మేధావులకు సన్మానాలు తప్పకుండా చెయ్యండి, వాళ్లు నీళ్లన్నీ ఖాళీ చేశాక మంటలు ఆర్పడానికి శాలువాలు కావాలి.