ఇంటర్నెట్ కంపెనీ మార్చండి, సుఖపడండి!

మీ ఇంట్లో ఇంటర్నెట్ నత్తనడక నడుస్తోందా? అదృష్టవంతులు! వెంటనే కంపెనీ మార్చేయండి. మారిస్తే వేగం పెరుగుతుందా అని మాత్రం అడక్కండి. చర్చి నుంచి బయటికొస్తూ ఇవాళ ఎంత పుణ్యం జమైందని ఫాదర్‌ని ఎవరైనా అడుగుతారా?

ఈ విషయంలో మీరు నా మాట నమ్మొచ్చు. జనవరి నుంచి మే నెల మధ్యకల్లా నాలుగు కంపెనీలు మార్చిన మొనగాడు, కెనడా ఉత్తరాన ఉన్న మా కోక్రేన్ ఊరు మొత్తానికి నేనొక్కణ్ణే. ప్లైవుడ్ మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్లు ఒకే యంత్రం పక్కన నిలబడ్డవాణ్ణి. మార్పులో ఇంత మజా ఉంటుందని రిటైరయ్యాక గానీ తెలియలేదు.

అసలు మార్చాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చెప్పాలి కదా. మా ఆవిడ ఒడెట్ ఫిడేలు టీచరు. మేడ మీద గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంకా ఉత్తరాన జేమ్స్ బే అనే అఖాతం ఒడ్డున రోడ్లు లేని ఊళ్లలో ఉండే పిల్లలకు పాఠాలు చెబుతుంది. వాళ్లలో టియానా అనే పదమూడేళ్ల క్రీ తెగ పిల్ల ఉంది. కమాను పట్టుకునే పుట్టిందేమో అంటుంది ఒడెట్. మే నెలాఖరులో వేసవి సంగీత శిబిరానికి ఎంపిక జరుగుతుంది. ఆ పిల్ల ఎంపిక కావాలన్నది మా ఆవిడ పట్టుదల.

చిక్కల్లా ఒక్కటే. పాట సగంలో ఉండగా ఇంటర్నెట్ ఆగిపోతుంది. ఒడెట్‌కి మొదటి ముక్క వినబడుతుంది, చివరి ముక్క వినబడుతుంది, మధ్యలో నిశ్శబ్దం. పాపం ఏం చేస్తుంది? "మళ్లీ వాయించమ్మా" అంటుంది. మళ్లీ ఆగిపోతుంది. మళ్లీ "మళ్లీ" అంటుంది.

ఒకరోజు టియానా ఫిడేలు ఒళ్లో పెట్టేసుకుంది.

"నాకు రావట్లేదు టీచర్. ఇవాళ పన్నెండుసార్లు మళ్లీ అన్నారు. నేను లెక్కపెట్టాను. శిబిరానికి ఇంకెవర్నైనా పంపండి."

ఒడెట్ ఏదో సర్దిచెప్పబోయింది. ఆ మాటా సగంలోనే ఆగిపోయింది.

అదంతా కింద హాల్లో కూర్చున్న నా చెవిన పడింది. కట్టుకున్న భార్య కష్టంలో ఉంటే చూస్తూ కూర్చునే రకం కాదు నేను. లేచి, ఫోను పక్కనున్న కుర్చీలోకి మారి కూర్చున్నాను.

కంపెనీ మార్చడంలో మొదటి సుఖం, మన విలువ మనకు తెలియడం! మీ కనెక్షన్ వద్దు అని ఒక్క మాట అని చూడండి. అప్పటిదాకా అరగంట పాటు పాటలు వినిపించినవాళ్లు, క్షణంలో మిమ్మల్ని బతిమాలే విభాగానికి అప్పగిస్తారు. అక్కడొక అమ్మాయి, గొంతులో తేనె పోసుకుని, "సర్, మీరు మాకు చాలా ముఖ్యం. మీరు వెళ్లిపోతే మాకు బాధగా ఉంటుంది" అంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ల మిల్లులో, ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో ఈ మాట నాతో ఎవరైనా అన్నారా? మూడో కంపెనీకి వచ్చేసరికి, ఆ మాట వినడం కోసమే వద్దంటున్నానేమో అని నాకే అనుమానం వచ్చింది.

రెండో సుఖం, చుట్టం రావడం. కొత్త కంపెనీ వైరు తగిలించడానికి నీలం కోటు వేసుకుని డార్సీ అనే కుర్ర టెక్నీషియన్ వచ్చాడు. బేస్‌మెంట్‌లోకి దిగాడు, బాక్సు పెట్టాడు, గోడ దగ్గర వేగం కొలిచి కాగితం మీద నంబరు రాసుకున్నాడు. పైకొచ్చి కాఫీ తాగి, రెండు తియ్యటి బటర్ టార్ట్‌లు తిని, మంచు గడ్డకట్టిన చెరువు మీద తను పట్టిన చేప ఎంత పొడవుందో చేతులు చాపి చూపించాడు. మర్యాదస్తుడు.

నెలన్నర తర్వాత రెండో కంపెనీ వాళ్లు నారింజ కోటు మనిషిని పంపారు. తలుపు తీద్దును కదా, మళ్లీ డార్సీయే!

"ఏమయ్యా, ఉద్యోగం మారావా?" అన్నాను.

"నేనెక్కడ మారానండీ, మీరు మారారు. నేను కాంట్రాక్టు మనిషిని. అందరి కోట్లూ వ్యాన్‌లోనే వేలాడుతుంటాయి."

మూడో కంపెనీకి పొరపాటున నారింజ కోటుతోనే గుమ్మం దాకా వచ్చి, నాలుక కరుచుకుని, వెనక్కి పరుగెత్తి ఆకుపచ్చది తగిలించుకొచ్చాడు. ఇంతటి క్రమశిక్షణ మీకు ప్రభుత్వ ఆఫీసుల్లో కనిపిస్తుందా?

ఇక కాఫీ షాపులో మన పరపతి సంగతి చెప్పనే అక్కర్లేదు. హాకీ గురించి తప్ప నోరు తెరవని మా మిత్రుడు ఎల్మర్, నారింజ కంపెనీని ఒక్క మాటంటే చాలు, బల్ల గుద్దుతాడు. వేగం ఎంత వస్తోందయ్యా అంటే మాత్రం, "అది తెలీదు, కానీ బాగుంటుంది" అంటాడు. ఇంతకంటే గొప్ప భక్తి ఎక్కడైనా ఉందా? పైగా ఏ కొత్త బాక్సైనా మొదటి మూడు రోజులూ నా కంటికి రాకెట్‌లా కనిపించేది. నాలుగో రోజు పైనుంచి ఒడెట్ నిట్టూర్పు వినబడేది.

ఈలోగా టియానా రెండు పాఠాలకు రాలేదు. ఒడెట్ ఫోన్ చేస్తే వాళ్లమ్మ ఎత్తి, పిల్ల ఫిడేలు తీసుకెళ్లి మంచం కింద పెట్టేసిందని చెప్పింది. ఎంపికకు ఇంకా పదిహేను రోజులే ఉన్నాయి. ఊరుకుంటానా? ఆ నిమిషమే నాలుగో కంపెనీకి ఫోన్ చేశాను.

ఊదా కోటులో డార్సీ వచ్చాడు. ఈసారి అతని వెనక ఒడెట్ కూడా బేస్‌మెంట్‌లోకి దిగింది. నాకెందుకో అది మంచి శకునంగా అనిపించలేదు.

"నిజం చెప్పు బాబూ, ఈ నాలుగింట్లో ఏది వేగం?" అంది.

"అన్నీ ఒకటేనమ్మా. మీ వీధికున్నది ఒకటే వైరు. ఒక పెద్ద కంపెనీ వేసింది, మిగతావాళ్లు అద్దెకు వాడుకుంటారు. ఇదిగో చూడండి, గోడ దగ్గర నాలుగుసార్లూ ఒకటే నంబరు. మంచి వేగమే."

"మరి పైకి ఎందుకు రావట్లేదు?"

డార్సీ వేలు పెట్టి చూపించాడు. గోడకీ, మా పెద్ద ఇనప ఫ్రీజర్‌కీ మధ్య సందులో మా ఇంటర్నెట్ బాక్సు నక్కి ఉంది. ఫ్రీజర్ నిండా, మూత పట్టకుండా, నేను పోయిన శరత్తులో వేటాడి తెచ్చిన మూస్ అనే పెద్ద దుప్పి మాంసం.

"అంత ఇనుమూ, అంత మాంసమూ దాటుకుని వైఫై రెండంతస్తులు ఎక్కాలంటే ఎలాగమ్మా?"

"మరి నాలుగుసార్లు వచ్చావే, ఒక్కసారైనా చెప్పలేదేం?"

"పని కాగితంలో గోడ దగ్గర కొలవమని ఉంటుంది. సామాన్లు కదపమని ఉండదు. పైగా సారు అడగలేదు."

ఒడెట్ నా వైపు తిరిగింది. "జనవరిలో నేనేం చెప్పాను?"

పాఠకులారా, ఒప్పుకోక తప్పదు. ఆ ఫ్రీజర్ వెనక నుంచి బాక్సు బయటికి తియ్యమని జనవరిలోనే చెప్పింది. ఫ్రీజర్ కదలాలంటే మాంసమంతా బయటికి తోడాలి. నా నడుమా అంతంతమాత్రం. అందుకని, కంపెనీ మంచిదైతే బాక్సు ఎక్కడుంటేనేం అని కొట్టిపారేశాను.

"నాలుగు కంపెనీలు మార్చావు. ఫ్రీజర్‌ని నాలుగడుగులు జరపలేకపోయావు!"

డార్సీ ఊదా కోటు విప్పి మెట్ల మీద పెట్టాడు. కోటు లేకపోతే ఏ కంపెనీ పనీ కాదట. ముగ్గురం కలిసి మాంసం తోడాం, ఫ్రీజర్ జరిపాం, పొడుగు వైరు లాగి బాక్సుని మేడ మీదికి ఎక్కించాం. మొత్తం ముప్పావుగంట!

నన్ను తిట్టుకోండి, కానీ ఒక్క ప్రశ్న. బాక్సు ఎక్కడ పెట్టారు సర్ అని ఆ నాలుగు కంపెనీల్లో ఒక్కరైనా ఎందుకడగలేదు? అడిగితే నేను మారను కాబట్టి! వాళ్లు అమ్మేది వేగం కాదండీ. లేచి మెట్లు దిగకుండా ఏదో చేసేశామన్న తృప్తి. నాలాంటివాడికి అంతకంటే కావలసిన సరుకు ఇంకేముంటుంది?

ఒడెట్, టియానా వాళ్లమ్మకి ఫోన్ చేసి, గంటసేపు నచ్చజెప్పి, పిల్లని మళ్లీ తెర ముందు కూర్చోబెట్టింది. ఆ పిల్ల అయిష్టంగానే కమాను ఎత్తింది. పాట మొదలైంది. మొదట్నుంచి చివరిదాకా ఒక్క చోట కూడా ఆగలేదు. నేను గుమ్మంలో నిలబడి విన్నాను.

"ఈసారి మళ్లీ అనలేదేం టీచర్?"

"మొత్తం వినబడింది తల్లీ. ఇన్నాళ్లూ మా ఇంట్లో సగమే వినబడేది. అందుకే మళ్లీ అనేదాన్ని."

టియానా ఫిడేలు ఒళ్లోకి దించింది. "అయితే అప్పుడు కూడా నేను బాగానే వాయించానా?"

"ఆ సంగతి మా ఆయన్నడుగు" అని ఒడెట్ కెమెరా నా వైపు తిప్పింది.

నాలుగు కంపెనీలతో గంటల తరబడి వాదించినవాణ్ణి. "బాగానే వాయించావమ్మా" అన్నాను. ఆ పిల్లతో మాత్రం వాదన పెట్టుకోకుండా, ఫ్రీజర్ సంగతి మొత్తం ఒప్పుకున్నాను.