తల్లికి సెలవెందుకు, బిడ్డకు జ్ఞానతండ్రి ఉండగా!

ప్రసూతి సెలవు ఆడవాళ్ళకు జరిగిన అన్యాయం! కోపగించుకోకండి, కాస్త వినండి.

మూడు నెలలు ఇంట్లో కూర్చోబెట్టి జీతమిస్తే తల్లి ఏం చేస్తుంది? బిడ్డ మొహం చూస్తూ కూర్చుంటుంది. మొహం మొత్తదూ? అదే చీకటితో వదిలి వెళ్ళి, చీకటి పడ్డాక వచ్చి చూస్తే ఎంత ముద్దొస్తుంది! పైగా పూలతోటల ఊరు మా కయాంబేలో మే నెల ముందు ఊపిరాడదు. మదర్స్ డేకి మా గులాబీలు దేశదేశాలకూ వెళ్ళాలి. లోకంలోని తల్లులందరికీ పూలు పంపాల్సిన వేళ, ఒక తల్లి తన బిడ్డను చూసుకుంటానంటే స్వార్థం కాదా?

ఈ మాట నాది కాదు. మా పూలతోట మేనేజరు, ఇంజనీరు ఒస్వాల్దో గారిది. నేను ఒప్పుకున్నానంతే.

చట్టం ఉంది, లేదనను. మా భోజనాల గదిలో మైక్రోవేవ్ పైన అంటించి కూడా ఉంది. మూడు నెలలు జీతంతో సెలవు, ఆ జీతంలో ఎక్కువ భాగం సర్కారు బీమా ఆఫీసే ఇస్తుంది, తర్వాత పాలిచ్చే తల్లికి రోజూ పని గంటలు తగ్గించాలి. సూపు వేడెక్కేలోగా అందరం చదివేస్తాం. తెలియక కాదు.

అడగడమే కుదరదు. మా వైపు చర్చిలో బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు ఆ బిడ్డ తల్లిదండ్రులకు కొంపాద్రే అవుతాడు. తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. కొంపాద్రే మీద లేబర్ ఆఫీసుకెక్కిన మనిషిని ఊళ్ళో పలకరించేవాడుండడు. అందుకే ప్యాకింగ్ షెడ్డులో ఎవరికి కడుపు కనిపించినా ఇంజనీరు గారే ముందు వెళ్ళి అడుగుతారు. వేరే యజమానులు చట్టాన్ని లాయర్లతో ఎదుర్కొంటారు. మాకు గిన్నెడు పవిత్ర జలం చాలు. ఎంత పొదుపు!

ఈసారి వంతు నర్సిసాది. కాడలు కత్తిరించే పిల్ల, తొలి కాన్పు.

"ఏమ్మా నర్సిసా, జ్ఞానతండ్రిగా ఎవర్ని అనుకున్నావు?"

"ఇంకా ఎవర్నీ అనుకోలేదు, ఇంజనీరు గారూ."

"నేను లేనూ? ఇంట్లో మనిషిని పెట్టుకుని ఊరంతా వెతుకుతావా!"

"మరి సెలవు..."

"కొంపాద్రేల మధ్య సెలవులేంటమ్మా! రెండు వారాలు పడుకో. సీజన్ అయ్యాక చూద్దాం."

ఆయన అటు వెళ్ళగానే పక్క బల్ల దగ్గర కట్టలు కడుతున్న లుస్మిలా తలెత్తకుండానే అంది. "నా కూతురికీ ఆయనే. సీజన్ అయ్యాక చూద్దామన్నాడు. దానికిప్పుడు పాలపళ్ళు ఊడుతున్నాయి."

నర్సిసాకు నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది. ఆచారం ప్రకారం కాల్చిన గినీపందులు, ఉడికించిన బంగాళాదుంపలు బుట్టలో సర్దుకుని ఇంజనీరు గారింటికి వెళ్ళి, జ్ఞానతండ్రిగా ఉండమని అడిగి వచ్చింది. తన సెలవు మింగేవాడికి తానే విందు పెట్టే భాగ్యం ఏ చట్టం ఇస్తుంది చెప్పండి?

ఆదివారం చర్చికి ఆయన మీగడరంగు సూటు వేసుకొచ్చారు. "తల్లికి వీలుకానప్పుడు ఈ బిడ్డను నీ బిడ్డలా చూసుకుంటావా?" అని ఫాదర్ అడిగారు.

"చూసుకుంటాను!" ఆయన చూపు కెమెరా మీదే ఉంది.

"ఇంకోసారి చెప్పించండి ఫాదర్, వెనకవాళ్ళకు వినపడలేదు," అంది నర్సిసా మెల్లగా.

ఇంకోసారి చెప్పారు. ఊరంతా విన్నది.

సోమవారం పొద్దున విదేశీ కొనుగోలుదారులు వస్తున్నారని ఆయన అదే సూటులో ఉన్నారు. నర్సిసా ఆఫీసులోకి వెళ్ళి బిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది.

"ఇదేంటమ్మా!"

"నాకు వీలుకావడం లేదు, కొంపాద్రే. పూలున్నాయి కదా. సీజన్ అయ్యాక తీసుకెళ్తాను."

"మరి దీనికి పాలు?"

"అదే నాకూ తోచడం లేదు."

వచ్చి కత్తెర అందుకుంది. ఆఫీసులోంచి ఏడుపు మొదలైంది. నర్సిసా పరిగెత్తబోయి ఆగింది. జ్ఞానస్నానం జరిగిన మర్నాడే బిడ్డను దించేసిన జ్ఞానతండ్రికి ఈ ఊళ్ళో ఏం మర్యాద ఉంటుంది? ఆయనకూ తెలుసు. షెడ్డులో ఒక్కరూ తలెత్తలేదు.

"మన కొంపాద్రే జోలపాట విన్నారా?" అంది లుస్మిలా.

మధ్యాహ్నం సూపు వేడెక్కేలోగా ఆయన బయటికొచ్చారు. సూటు మీగడరంగులో లేదు. ఒక చేతిలో బిడ్డ, ఇంకో చేతిలో సంతకం పెట్టిన సెలవు కాగితం. పూర్తి మూడు నెలలు!

అందుకే అంటున్నాను, చట్టాలెందుకండీ? గోడమీద కాగితం ఏళ్ళతరబడి చేయలేనిది తడిసిన గుడ్డ ఒక్క పూటలో చేసింది. లుస్మిలాకే కాస్త ఆలస్యమైంది. పళ్ళూడిన పిల్లను ఎవరి ఒళ్ళో పడుకోబెడుతుంది?

మొన్న ఇంకో పిల్ల కడుపుతో వెళ్ళి సెలవు అడిగింది.

"సీజన్ అయ్యాక చూద్దాం," అన్నారు ఇంజనీరు గారు.

"అలాగేనండి. జ్ఞానస్నానానికి మీకు ఏ ఆదివారం వీలవుతుంది?"

ఆయన వెంటనే సెలవు కాగితం మీద సంతకానికి పెన్ను వెతుక్కున్నారు.