కాన్పు కాస్త జరుపుకోగలరా?

మానవజాతి కనిపెట్టిన వ్యవస్థలన్నింటిలోకీ ఆరోగ్యబీమా అత్యంత ఆరోగ్యవంతమైనదని సవినయంగా ప్రకటిస్తున్నాను. దానికి ఇంతవరకు తలనొప్పి కూడా రాలేదు. (వచ్చినవాళ్ళంతా బయట వరసలో నిలబడి ఉన్నారు.)

ఈ సత్యం మా ఇంటికి మా చెల్లెలి ద్వారా చేరింది. అది లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు. పెద్ద పెద్ద భవనాల నెత్తికెక్కి, ఇనుప నిచ్చెన మీదుగా మోటారు గదిలోకి దూరి, తాళ్ళు అరిగాయా, బ్రేకులు పట్టుకుంటున్నాయా అని చూడటం దాని పని. ఆరో నెల వచ్చేసరికి దానికీ నిచ్చెనకీ మధ్య పొట్ట అడ్డం రావడం మొదలైంది. కొన్నాళ్ళు కూర్చునే పని ఇప్పించమని అడిగితే వాళ్ళ మేనేజరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "గర్భం మీ సొంత విషయం, నిచ్చెన కంపెనీ విషయం. రెండూ కలపకూడదమ్మా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఇంకో కంపెనీ నుంచి పిలుపొచ్చింది. లిఫ్టుల నక్షాలు సరిచూసే పని. కుర్చీ ఉంటుంది, కుర్చీకి వీపు ఉంటుంది, పక్కన కిటికీ కూడా ఉంటుంది. చెల్లెలు ఎగిరి గంతేసి (గంతులు వద్దని డాక్టరమ్మ అప్పటికే చెప్పింది) పాత కంపెనీలో రాజీనామా ఇచ్చేసింది. నెల రోజులు నోటీసు. ఆ తర్వాత కొత్త కుర్చీ.

ఇంతలో కొత్త కంపెనీ క్షేమాధికారిణి దాన్ని పిలిపించింది. ఉద్యోగుల క్షేమం చూడటానికే ఆవిడకి ఆ కంపెనీ జీతమిస్తుంది. ఎంతో ఆప్యాయంగా నీళ్ళిచ్చి, "శుభవార్త విన్నాం, చాలా సంతోషం! మన బీమా చేరిన మూడు నెలల తర్వాత మొదలవుతుంది. మీకు కాన్పు ఎప్పుడు?" అంది.

"చేరిన రెండు నెలలకండీ."

ఆవిడ కేలెండరు వంక జాలిగా చూసింది. "కాన్పు కాస్త జరుపుకోగలరా?"

"మీ నిబంధన జరపలేరా?"

"అయ్యో, నిబంధన ఎలా జరుగుతుందండీ! అది రాసి ఉందిగా."

ఈ మధ్యలో వచ్చే ఖాళీని పూడ్చడానికి ప్రభువులు ముందుచూపుతో ఒక కొనసాగింపు విభాగాన్ని ఏర్పాటు చేశారు. ఉద్యోగం పోయినా పాత బీమా కొన్నాళ్ళు కొనసాగించడం దాని ధర్మం. ముందు యాప్‌లో ప్రయత్నించాం. 'బీమా పోవడానికి కారణం' అని అడిగి మూడు జవాబులు చూపించింది: పదవీ విరమణ, మరణం, ఇతరములు. చెల్లెలు ఇతరములు నొక్కింది. "ధన్యవాదాలు" అని చెప్పి యాప్ మూసుకుపోయింది.

దాంతో ఇద్దరం ఆఫీసుకే వెళ్ళాం. నేలకి బిగించిన ప్లాస్టిక్ కుర్చీలు, ఒక గోడకి 'సహనమే సగం ఆరోగ్యం' అన్న బోర్డు. (మిగతా సగం ఎక్కడ దొరుకుతుందో రాయలేదు.) మా వంతు వచ్చేసరికి కిటికీ వెనక ఉన్న అధికారి చాలా మర్యాదస్థుడిగా కనిపించాడు.

"కొనసాగింపు కోసం ఉద్యోగం వదిలాకే దరఖాస్తు పెట్టాలమ్మా. అయితే, దరఖాస్తు పెట్టేనాటికి మీరు ఉద్యోగంలో ఉండాలి."

"రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయి సార్?" అన్నాను నేను.

"చాలామంది ఇదే అపోహ పడతారు. రెండూ వేరువేరు పేజీల్లో ఉన్నాయి తల్లీ."

చెల్లెలు కదల్లేదు. లిఫ్టు తలుపు మధ్య కాలుపెట్టి ఆపేదానిలా ఆ కిటికీ ముందే నిలబడిపోయింది. వెనక వరస పెరిగింది, గొణిగింది, చివరికి మా పక్షమే తీసుకుంది. అధికారి చెమట తుడుచుకుని కేసుని విశేష కేసుల సంఘానికి పంపించాడు.

ఆ సంఘంలో ముగ్గురు సభ్యులు. వాళ్ళు వారం పాటు తర్జనభర్జన పడి, మానవత్వం ఉట్టిపడే తీర్పొకటి ఇచ్చారు. ఉద్యోగం మారినందువల్ల తల్లికి బీమా ఉండదు. బిడ్డ మాత్రం ఏ ఉద్యోగమూ మారలేదు కనుక బిడ్డకి ఉంటుంది.

ఈ తీర్పు పట్టుకుని ఆసుపత్రికి వెళ్తే బిల్లుల గుమస్తా రెండుసార్లు చదివింది. పాపం, తెలివైన మనిషి. "స్కానింగులో జెల్లు పూసేది తల్లి పొట్టమీద, కాబట్టి అది మీ ఖర్చు. తెరమీద కనిపించేది బిడ్డ, అది బీమా. కాన్పు సంగతి..." అని ఆగి, "ఎంతవరకు బయటికొస్తే ఎవరి ఖర్చన్నది పైవాళ్ళని అడగాలండీ" అంది.

ఇంట్లో ఇదంతా విని మా అమ్మ, "అయితే బిడ్డని ఒక్కదాన్నే పంపిద్దాం, నువ్వు ఇంట్లో ఉండవే" అంది. అందరం నవ్వాం. చెల్లెలు కూడా నవ్వింది, కానీ నవ్వుతూ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. దానికప్పటికే పాదాలు వాచి చెప్పులు పట్టడం లేదు.

మర్నాడు డాక్టరమ్మ బీపీ చూసింది, మళ్ళీ చూసింది. "వారం వారం రావాలి. ఒక్క వారం కూడా తప్పకూడదు. ఆపరేషన్ పడొచ్చు. పసిపాపని కొన్నాళ్ళు ఇక్కడే పెట్టుకోవాల్సి రావొచ్చు" అంది. ఆవిడ మాటల్లో మాత్రం ఎక్కడా మెలిక లేదు.

చెల్లెలి భర్త, అంటే మా మరిదికి, సొంత సైకిళ్ళ కొట్టు. "నా కొట్టుకి యజమాని నేనే, పనివాణ్ణీ నేనే. ఇద్దరికీ బీమా లేదు" అని అందరితో సరదాగా అనే మనిషి ఆ సాయంత్రం మాత్రం ఆ మాట అనలేదు. "కొట్టు అమ్మేద్దాం. పాత బీమా కోసం నువ్వు మళ్ళీ ఆ నిచ్చెన ఎక్కొద్దు" అన్నాడు.

"కొట్టు అమ్మేసి ఏం చేస్తావు?"

"ఏదో ఒకటి."

"ఆ ఏదో ఒకటికి బీమా ఉంటుందా?"

చెల్లెలు పొట్టమీద చెయ్యేసుకుని, ఫోన్ తీసి కొత్త కంపెనీకి రానని చెప్పేసింది. ఆ కొత్త కుర్చీ పక్క కిటికీ ఎటువైపు తెరుచుకుంటుందో ఒక్కసారి చూసి ఉండాల్సిందని నాతో అంది.

పాత మేనేజరు రాజీనామా వెనక్కి ఇస్తూ, "వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం మాకు గర్వకారణం" అన్నాడు.

"నేనింకా వెళ్ళలేదండీ."

"అది ఇంకా గర్వకారణం" అని, ఆ పూటే ఓ భవనానికి పంపించాడు. అక్కడ ముసలి మెకానిక్ దాని చేతిలోంచి టార్చి లాక్కుని, "నువ్వు కిందుండి రాసుకో తల్లీ, నేను పైనుంచి అరుస్తా" అన్నాడు. సెలవు దొరికేదాకా అలాగే నడిచింది. ఆ భవనాల్లో కాపురముంటున్న వాళ్ళందరికీ తమ లిఫ్టు తాళ్ళ ఆరోగ్యం కంఠతా వచ్చేసింది.

అనుకున్నట్టే బీపీ పెరిగింది, అనుకున్నదానికన్నా ముందే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. గాజుపెట్టెలో పిడికిలంత పిల్ల, అందరిమీదా కోపంగా ఉన్నట్టు ముఖం పెట్టింది. మా మరిది ఆ అద్దానికి నుదురు ఆనించి ఏడ్చేశాడు. బీమా మొత్తం ఖర్చు నోరెత్తకుండా కట్టింది. తల్లీపిల్లా క్షేమంగా ఇంటికొచ్చారు. వ్యవస్థ పనిచేస్తుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

చెల్లెలు తిరిగి పనిలో చేరాక, కంపెనీ వార్షికోత్సవంలో దానికి 'విధేయతా పురస్కారం' ప్రకటించారు. ఎక్కడో మంచి ఉద్యోగం వచ్చినా కాలదన్నుకుని మాతోనే ఉండిపోయిందని మేనేజరు గద్గద స్వరంతో చెప్పి, శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమన్నాడు. చెల్లెలికి అబద్ధం చేతకాదు. మైకు పట్టుకుని, "ఇక్కడే ఎందుకు ఉండిపోయానంటే, బయటికి పోయే దారి కనపడలేదండీ" అంది.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కంపెనీ ఇప్పుడు కొత్త ఉద్యోగుల కోసం వేస్తున్న ప్రకటనలో, చెల్లెలి ఫోటో కింద, ఆ మాటే పెద్ద అక్షరాల్లో ఉంది.